ముంచి ఉంచిన దోనెలు

ఆ రోజు నేను చేసిన తప్పును ఒక్క మాటలో చెప్పేయవచ్చు. కొల్లేటి ఒడ్డున నిలబడి, ఫారంలో "స్థానికుల వాడకం" అనే గడిలో "లేదు" అని రాశాను. సంతకం పెట్టి, పెన్ను జేబుకు తగిలించుకుని భోజనానికి వెళ్ళాను. కొరమేను పులుసు చాలా బాగుంది. రెండోసారి కూడా వడ్డించుకున్నాను.

ఉద్యోగాల్లో కొత్తగా చేరుతున్న మీ కోసం ఇది రాస్తున్నాను. నా సర్వీసులో సాధించినవి చెప్పమంటే నాలుగు వాక్యాల్లో అయిపోతాయి. ఈ ఒక్క "లేదు" గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి.

తాడేపల్లిగూడెంలో మట్టి పరీక్షల ఆఫీసులో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేశాను. రైతులు సంచుల్లో మన్ను తెచ్చేవారు. చౌడు ఎంత, సారం ఎంత, ఏ ఎరువు తగ్గించుకోవాలి అన్నది చెప్పి పంపేవాళ్ళం. మా నాన్నగారిది అదే ఊళ్ళో ఉల్లిపాయల వ్యాపారం. బస్తా విప్పకుండా పైనుంచి అరచేత్తో నొక్కి, లోపల సరుకు ఎలా ఉందో చెప్పేవారు. చాలాసార్లు నిజమయ్యేది. చూడగానే తెలిసిపోతుందన్న ఆ నమ్మకం నాకూ అంటుకుంది. కాకపోతే ఆయన కనీసం బస్తాని నొక్కేవారు.

ఆఫీసులో నాకొక పేరుండేది. నా ఫారాల్లో ఖాళీ గడి ఉండదని. తప్పు రాసిన ఫారాన్ని పై ఆఫీసు వెనక్కి పంపిన రోజు నాకు గుర్తులేదు. ఖాళీ గడి ఉన్నదాన్ని మాత్రం ఎర్ర సిరాతో సున్నా చుట్టి మరీ పంపేవారు. అందుకని తెలియని చోట "లేదు" అని రాయడం అలవాటైంది. అది అబద్ధమని ఎప్పుడూ అనిపించలేదు. పని పూర్తిచేయడం అనిపించేది.

రిటైర్మెంటుకు కొద్ది నెలల ముందు మా ఆఫీసుకు కొత్తరకం పని ఒకటి వచ్చింది. దేశం గాలిలోకి వదిలే బొగ్గుపులుసు వాయువుకీ, నేలా నీరూ చెట్లూ తిరిగి పీల్చుకునేదానికీ ఏదో ఒకనాటికి సరిసమానం కావాలన్న మాట మీరు వినే ఉంటారు. నెట్ జీరో అంటున్నారు. అందుకోసం ఫ్యాక్టరీ గొట్టాల మీద ఆంక్షలు పెడితే చాలదు, పీల్చుకునే చోట్లను కూడా చట్టం గుర్తించి కాపాడాలని ఒక ముసాయిదా తయారైంది. అందులో ముందు భాగమంతా సముద్రమూ, మడ అడవులూ. చివర్లో చిత్తడి నేలలు. కొల్లేరు నీళ్ళు ఉప్పుటేరు మీదుగా సముద్రంలోకే పోతాయి కాబట్టి కొల్లేరు కూడా జాబితాలోకి ఎక్కింది.

దాని శాస్త్రం పెద్ద కష్టమేం కాదు. కిక్కిస గడ్డి పెరుగుతుంది, చచ్చి నీళ్ళ అడుగుకు చేరి బురదవుతుంది. ఆ బురదను ఎవరూ కెలకకపోతే, గడ్డి గాలి నుంచి తీసుకున్నది అక్కడే నిలిచిపోతుంది. తవ్వి ఎండబెడితే మళ్ళీ గాలిలోకే పోతుంది. పొడవాటి పైపు బురదలోకి దించి మట్టి తీసి పరీక్షించడం మా పని. దానితోపాటు ఒక్కో చోటుకీ ఒక ఫారం నింపాలి.

ఫారంలో వాడకం గడి రెండు వేళ్ళంత ఉంటుంది. దాని వెనకున్న సంగతి మాత్రం పెద్దది. జనం వాడుకుంటున్న నీళ్ళయితే వాటి సంరక్షణ ఆ జనం చేతుల్లోనే ఉంటుంది, చేపల వేటతో సహా. ఎవరూ వాడని నీళ్ళయితే వాటిని బయటి సంస్థకు చాలాకాలానికి అప్పగించి, లోపలికి ఎవరూ రాకుండా మూసేయవచ్చు. ముసాయిదాలో ఈ ముక్క నేను చదివాను. చదివినవాణ్ణే అలా రాశాను.

మేము వెళ్ళింది తొలివానలు పడి కొల్లేటిలోకి కొత్తనీరు దిగుతున్న రోజుల్లో. నాతోపాటు కాంట్రాక్టు మీద కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె ఉంది. జంగారెడ్డిగూడెం మనిషి. మెట్టలో పుట్టి పెరిగింది కాబట్టి అన్ని నీళ్ళు ఒకచోట చూడటం ఆమెకదే మొదటిసారి. కలిదిండి వైపు చేపల చెరువులున్న ఒకాయన నాకు ముఖపరిచయం. ఎన్నో ఏళ్ళుగా చెరువు మట్టి పరీక్షకు తెచ్చేవాడు. ఇంజను పడవ ఇస్తానన్నాడు, భోజనం కూడా తన దగ్గరే అన్నాడు. సరస్సు మధ్యలో మాకు కావలసిన లంక ఊరికి ఆ ఊరివాళ్ళ పడవ మాట్లాడుకోవడం పద్ధతి. ఎండగా ఉంది, ఇంజను పడవ దొరికింది, పద్ధతి పక్కన పెట్టాను.

ఆ లంక ఊరి ముందు నీళ్ళు చూడముచ్చటగా ఉన్నాయి. కిక్కిస ఒత్తుగా నిలబడి ఉంది. వల లేదు, పడవ లేదు, మనిషి అలికిడి లేదు. పైపు దించితే నల్లటి బురద వచ్చింది. వేళ్ళ పీచుతో, పట్టుకుంటే వెన్నలా ఉంది. అంత మంచి బురద నా సర్వీసులో చూడలేదు. సంబరపడి ఒడ్డు ఫోటోలు కూడా తీశాను.

చెరువులాయన్ని అడిగాను.

"ఇక్కడ వేట చేసేవాళ్ళు లేరా అండి?"

"ఈ నెలల్లో ఎవరూ కనపడరండి," అన్నాడాయన. "మీరు తొరగా కానివ్వండి, పులుసు చల్లారిపోద్ది."

ఆయన అబద్ధం చెప్పలేదు. "ఈ నెలల్లో" అని స్పష్టంగా అన్నాడు, నేనూ స్పష్టంగా విన్నాను. గడి చిన్నది, ఆ రెండు మాటలూ పట్టవు. పట్టినంత రాశాను.

ఆ అమ్మాయి ఒడ్డువైపు చూస్తూ నిలబడింది.

"సార్, నీళ్ళ అంచున ఇన్ని గుంజలు పాతేరు కదండీ. గేదె ఒక్కటీ లేదేంటండీ?"

"మేతకెళ్ళి ఉంటాయమ్మా."

"గుంజలకి తాళ్ళున్నాయండీ. తాళ్ళు నీళ్ళలోకి పోయాయి. ఆ గడి ఇప్పటికి ఖాళీగా ఉంచుదామా సార్? ఊళ్ళోకెళ్ళి అడిగొస్తాను."

"ఖాళీగా ఉంచితే వెనక్కొస్తుంది. నువ్వు కొత్తదానివి, నీకు తెలియదు," అన్నాను.

ఆమె పైపు కడగడం మొదలెట్టింది. కొత్తగా చేరినవాళ్ళ నోరు మూయించడానికి ఇంతకంటే తేలికైన మాట ఏ ఆఫీసులోనూ లేదు. మీకూ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు.

మూడు వారాల తర్వాత ఒక పొద్దున్నే మా ఆఫీసు వరండాలో ఇద్దరు కూర్చుని ఉన్నారు. డెబ్బై దాటిన ముసలాయన, ఆయన కోడలు. ఆ లంక ఊరివాళ్ళు. వాళ్ళ నీళ్ళను ఎవరూ వాడనివిగా చూపిస్తూ ఊళ్ళో సచివాలయం గోడకు అంటించిన ముసాయిదా జాబితాను కోడలు ఫోనులో ఫోటో తీసుకుని వచ్చింది. అభ్యంతరాలుంటే ఏలూరులో విచారణ రోజున చెప్పుకోవాలని అందులో ఉంది.

"ఏవండీ, మా నీళ్ళ గురించి రాసింది మీరేనా అండి?" అని ముసలాయన అడిగాడు. కోపం లేదు, చిరునామా అడిగినట్టు అడిగాడు.

"నేనేనండి. మేం వచ్చినప్పుడు ఎవరూ లేరు. కావాలంటే ఫోటోలున్నాయి," అని కంప్యూటరు తెర ఆయన వైపు తిప్పాను. చూసి నోరు మూసుకుంటాడని నా ఉద్దేశం.

ఆయన కళ్ళజోడు సర్దుకుని తెరకు దగ్గరగా వంగాడు. మొహం వికసించింది.

"ఇదిగోనండి మా దోనె. ఆ పక్కది మా తమ్ముడిది."

"ఏదండీ? ఎక్కడా?"

"ఈ గుంజకాడ. నీళ్ళ కిందుందండి."

నాకు అర్థం కాలేదు. కోడలు అందుకుంది.

"తాటిమాను తొలిచి చేసిన దోనెలండి. ఒడ్డునెడితే ఎండకి పగిలిపోతాయి. పని లేనప్పుడు బురదేసి నీళ్ళలో ముంచేత్తాం. తాడు గుంజకి కట్టుకుంటాం. మీరు ఫోటో తీసిందంతా మా దోనెలేనండి బాబూ, ఊరందరియీ ఉన్నాయి."

"మరి పని ఎందుకు లేదు?"

"కొత్తనీరు తగిలిందంటే చేప గుడ్లతో గడ్డిలోకి ఎక్కుద్దండి," అన్నాడు ముసలాయన. "అప్పట్నుంచి శ్రావణం దాకా మా ఊళ్ళో ఎవడూ వలెయ్యకూడదు, కిక్కిస కొయ్యకూడదు, దోనె తోసే గెడ కూడా బురదలో గుచ్చకూడదు. మా తాతల్నాటి కట్టుబాటండి. ఏసినోడి వల పెద్దలు లాక్కుంటారు. మా సొంత బావమరిదిది నేనే లాక్కున్నాను. ఇప్పటికీ నా గుమ్మం తొక్కడండి."

"ఆ నెలల్లో మరి ఎలా బతుకుతారు?"

"చెరువుల మీదికి కూలికెళ్తామండి," అంది కోడలు. నా వైపు తిన్నగా చూసింది. "రెండు నెల్లు ఇంట్లో లేకపోతే ఇల్లు ఎవరిదీ కాదని రాసేత్తారా అండి?"

"ఊరుకోవే," అన్నాడు ముసలాయన. "ఆయనకి తెలీక రాసేరు."

తెలియక రాశాననే మాటను పట్టుకుని అప్పుడే తప్పు దిద్దుకోవలసింది. ఈ కథంతా అక్కడే ముగిసిపోయేది. నేనేం చేశానంటే, వాళ్ళకు టీ తెప్పించాను. టీ తాగాక, "జాబితా పైకి వెళ్ళిపోయిందండి, మా చేతుల్లో ఏం లేదు, ఏలూరులో అభ్యంతరం రాసివ్వండి" అని చెప్పి పంపేశాను. నిజానికి నేను ఒక ఉత్తరం రాస్తే సరిపోయేది. కానీ రిటైర్మెంటు దగ్గరపడింది. సర్వీసు పుస్తకంలో మచ్చ లేదు. పొరపాటు ఒప్పుకుంటే మెమో వస్తుంది, మెమో వస్తే పెన్షను కాగితాలు ఎక్కడ ఆగుతాయో తెలియదు. గడి తప్పుగా నింపడం అలవాటువల్ల జరిగింది. ఇది మాత్రం తెలిసి చేశాను.

ఆ అమ్మాయి అంతా విన్నది. మేం తీసిన మట్టికి పరీక్ష ఫలితాలు వచ్చాయని కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. మేము చూసిన చోట్లన్నిటిలోకీ ఆ ఊరి బురదే మేలైనది. పైన చిన్న చీటీలో రాసి ఉంది: "ఎవరూ వాడకపోవడం వల్ల కాదేమో సార్."

ఆ చీటీ చించి బుట్టలో వేశాను. వేసినంత మాత్రాన పోలేదు. ఎవరూ వాడని నీళ్ళు కొల్లేటిలో ఎక్కడున్నాయి? వదిలేసిన చోటల్లా ఎవరో ఒకరు గట్టు పోసేశారు, చెరువు తవ్వేశారు. ఆ ఊరి ముందు గడ్డి నిలబడి ఉందంటే, దాన్ని నిలబెట్టినవాళ్ళు ఉన్నారన్నమాట. మట్టి మీద అన్నేళ్ళు పనిచేసినవాడికి ఇది ఒకరు చెప్పాలా?

విచారణ రోజున ఏలూరులో హాలు నిండిపోయింది. విచారణ జరిపే అధికారి ఒక మేడమ్. వివరాలడిగితే చెప్పడానికి మమ్మల్ని ఒక పక్క వరుసలో కూర్చోబెట్టారు. ఒక్కో ఊరూ అయ్యాక ఈ ఊరి వంతు వచ్చింది. ముసలాయన ఉతికిన పంచె కట్టుకుని లేచి నిలబడ్డాడు. నాకు చెప్పినదే చెప్పాడు.

"మీ కట్టుబాటు కాగితం ఏదైనా ఉందా?" అని మేడమ్ అడిగింది.

"కాగితం ఎందుకండి, అందరికీ తెలిసిందే గదా."

"నాకు తెలియదు కదండీ. రికార్డులో మీరు ఆ నీళ్ళలోకే రారని ఉంది. మీరు ఈ సంగతి ముందుగా ఎవరికైనా చెప్పారా?"

ఆయన నా వైపు చూశాడు. ఒక్క క్షణమే. కోడలు పక్కనుంచి పంచె లాగుతోంది, చెప్పమని. ఆయన తల దించుకున్నాడు.

"చెప్పుకోడం మాకు చేతకాలేదండి," అన్నాడు.

నన్ను కాపాడాడు. తన ఊరి నీళ్ళు పోతున్న వేళ, తన చేత ఒక కప్పు టీ తాగించి పంపేసిన గుమాస్తాని పదిమందిలో పట్టివ్వడం మర్యాద కాదనుకున్నాడు. మేడమ్ తర్వాతి కాగితం చేతిలోకి తీసుకుంది. అది బల్ల మీద పెడితే ఈ ఊరి సంగతి ముగిసినట్టే.

లేచాను. ధైర్యం వచ్చి లేచానని చెప్పను. కూర్చోలేక లేచాను.

"మేడమ్, ఆయన నాకు చెప్పారండి. ఆ గడి నింపింది నేనే. తప్పు నింపాను."

"ఇప్పుడు చెప్తున్నారా?" అంది.

"అవునండి. ఆధారం కూడా నా దగ్గరే ఉంది. నేను తీసిన ఫోటోయే."

ఫోటో తెర మీద వేశారు. గుంజలు, తాళ్ళు. ఒక తాడు నీళ్ళలోకి దిగిన చోట, పెద్దది చేసి చూస్తే, దోనె ముక్కు చీకటిగా కనిపించింది. ముసలాయన అన్నీ మరిచిపోయి, "ఆయ్, అదేనండి!" అన్నాడు. హాల్లో నవ్వారు. మేడమ్ కూడా నవ్వు ఆపుకుంది.

"మీ రిటైర్మెంటు ఎప్పుడు?" అని నన్ను అడిగింది.

"వచ్చే నెలాఖరుకండి."

"అంతదాకా ఆగలేకపోయారా?"

"లేదండి," అన్నాను. మళ్ళీ నవ్వారు. ఈసారి నేనూ నవ్వాను. మెమో వస్తుందని తెలుసు. అయినా ఆ క్షణంలో అది ఎవరికో రాబోయే మెమోలా అనిపించింది.

"ఆ ఊరిని జాబితాలో ఎక్కించకుండా ఆపుతున్నాను," అంది మేడమ్. "మళ్ళీ వెళ్ళి చూసి రాయండి. ఈసారి వాళ్ళ దోనెలోనే వెళ్ళండి."

బయట మెట్ల మీద కోడలు ఎదురైంది. దణ్ణం పెడుతుందేమోనని భయపడ్డాను. పెట్టలేదు.

"ఆ మాట మాకు టీ ఇచ్చిన రోజే చెప్పుంటే, అందరం పని మానుకుని ఏలూరు రాకపోదుం గదండీ," అంది.

"తప్పేనమ్మా," అన్నాను.

శ్రావణంలో కట్టుబాటు సడలించే రోజున నేనూ, ఆ అమ్మాయీ వెళ్ళాం. ఊరి మగవాళ్ళంతా మొలలోతు నీళ్ళలోకి దిగారు. లోపలి బురదను చేతులతో తోడేసి, ఇద్దరిద్దరు రెండు కొసలా పట్టి, అటూ ఇటూ ఊపుతుంటే దోనె నల్లగా మెరుస్తూ పైకి లేచింది. ఒకటి, తర్వాత ఒకటి. నేను ఎవరూ లేరని రాసిన ఒడ్డు అరగంటలో నిండిపోయింది. ముసలాయన నన్ను తన దోనెలో ఎక్కించుకున్నాడు. ఎక్కగానే అది ఒక పక్కకు ఒరిగింది.

"కదలమాకండి. ఊపిరి కూడా మెల్లిగా తీసుకోండి," అన్నాడు.

అలాగే, ఊపిరి బిగబట్టుకుని, ఆయన చెప్పినదంతా రాసుకున్నాను. గడిలో పట్టలేదు. వెనక తెల్లకాగితాలు జోడించాను. ఎవరు ఏ నెలలో ఎక్కడ వేటాడతారో, ఎప్పుడు మానేస్తారో, ఎందుకు మానేస్తారో, తప్పినవాణ్ణి ఏం చేస్తారో అంతా రాశాను. బావమరిది సంగతి కూడా రాయమన్నాడు. రాశాను.

తర్వాత వచ్చిన జాబితాలో ఆ నీళ్ళు "ప్రజల సంరక్షణలో ఉన్నవి" అనే వరుసలో ఉన్నాయి. ఆ ఊరి కట్టుబాటును కూడా పీల్చుకునే నేలను కాపాడే పద్ధతిగా గుర్తించారు. ముసాయిదా రేపు ఎలా మారుతుందో నాకు తెలియదు. ఇప్పటికి మాత్రం వాళ్ళ వలలు వాళ్ళ నీళ్ళలోనే ఉన్నాయి. నాకు మెమో వచ్చింది. జవాబు ఒకే వాక్యం రాశాను: ఊళ్ళోకి వెళ్ళి అడగలేదు, తప్పు నాది. మందలింపుతో వదిలేశారు. పెన్షను కొంచెం ఆలస్యంగా వచ్చింది. నిద్ర మాత్రం ఆ విచారణ రోజు నుంచే పడుతోంది.

కానీ నేను "లేదు" అని రాసింది ఆ ఒక్క ఫారంలోనే కాదు. అదే వేసవిలో, అదే వానల్లో, అదే పెన్నుతో మరికొన్ని చోట్ల రాశాను. రిటైరైన తర్వాతి వారం ఆఫీసుకు వెళ్ళి, అనుమతి తీసుకుని నా పాత ఫారాలన్నీ ముందేసుకున్నాను. "లేదు" కనపడ్డ ప్రతి ఊరి పేరూ ఒక నోటుపుస్తకంలో ఎక్కించుకున్నాను. అప్పటి నుంచి వారానికో ఊరు. తాడేపల్లిగూడెం నుంచి పొద్దున్నే బస్సు, దిగాక ఆటో, ఆపైన ఎవరు ఎక్కించుకుంటే వాళ్ళ దోనె. కొన్నిచోట్ల గడ్డి కోసుకునే ఆడవాళ్ళు ఉన్నారు. ఒకచోట బాతులు మేపేవాళ్ళు ఏడాదికి ఒక్క నెల వస్తారట. ఒక ఊళ్ళో, "అప్పుడెక్కడికెళ్ళేరండి తమరు?" అని అరగంట తిట్టారు. తిట్లు అయ్యాక మజ్జిగ ఇచ్చారు. నిజంగానే ఎవరూ రాని చోట్లు కూడా ఉన్నాయి. వాటిని కూడా మూడు కాలాల్లో మూడుసార్లు చూస్తే గాని అలాగని రాయడం లేదు.

దిద్దిన ఫారాలు ఆఫీసులో ఇస్తుంటాను. ఇప్పుడు నా కుర్చీలో ఆ అమ్మాయే ఉంది, ఉద్యోగం ఖాయమైంది. మొన్న నేనిచ్చిన ఫారం మొదటి నుంచి చివరిదాకా చదివి, నాకే తిరిగి ఇచ్చింది.

"ఏ నెలలో చూశారో రాయలేదండీ సార్."

"మొన్న మంగళవారమే కదమ్మా వెళ్ళింది. నువ్వే వేసెయ్యి."

"మీరు చూసింది మీరే రాయాలి సార్. పైగా ఒక్క నెలే చూశారు. మళ్ళీ వెళ్ళి రండి."

ఫారం మడిచి సంచిలో పెట్టుకుని, మర్నాడు పొద్దున్న బస్సుకు వెళ్ళాను.